పందొమ్మిదో నంబరు బిళ్ళ

పార్కులో అందరూ ఆయన్ని బిళ్ళల మాస్టారు అనేవారు. మాస్టారూ కాదు, పాడూ కాదు. నేషనల్ పార్కు గేటు దగ్గర ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసిన రేంజరు. బడి మెట్లెక్కి పాఠం చెప్పిన పాపాన పోలేదు గానీ, గేటు దగ్గరికొచ్చిన ప్రతివాళ్ళకీ పాఠం చెప్పకుండా లోపలికి వదిలేవాడు కాదు. నీళ్ళు తెచ్చుకున్నారా, వాన వస్తే ఏం చేస్తారు, ఆ చెప్పులేంటి, కొండెక్కుతున్నారా పెళ్ళికి వెళ్తున్నారా అని నలుగురిలో కడిగేసేవాడు. తిట్లు తిన్నవాళ్ళే సాయంత్రం దిగొచ్చి, మీరన్నది నిజమేనండీ అని ఒప్పుకునేవారు. అదీ ఆయన నోరు. అంత నోరున్న మనిషి, తెరవాల్సిన చోట ఒక్కసారి నోరు తెరవలేదు. నేను చెప్పబోయేది ఆ ఒక్కసారి గురించే.

రేంజరు పనంటే జనానికి ఏవేవో ఊహలు. తెల్లారి లేచి ఎలుగుబంట్లతో కుస్తీ పడతారనుకుంటారు. నిజానికి ముప్పాతిక వంతు మనుషులతోనే కుస్తీ. గేటు పక్క గదిలో ‘నేటి సంఘటనలు’ అని ఒక పుస్తకం ఉండేది. అందులో మాస్టారి గుండ్రటి రాతలో ఇలా ఉండేది: ‘పదకొండు గంటలకు ఒకాయన కారు తాళాలు కారులోనే పెట్టి తలుపేశాడు. పన్నెండున్నరకు మళ్ళీ ఆయనే. ఒంటిగంటకు ఉడతకు బిస్కెట్టు పెట్టబోయి ఒకావిడ వేలు కొరికించుకుంది. కట్టు కట్టాం. తప్పు ఉడతదే అంటోంది. మూడింటికి ఒక పెద్దమనిషి, ఎలుగుబంట్లను ఎన్నింటికి బయటికి వదులుతారని అడిగాడు. అవి మా అనుమతి తీసుకోవండీ అని చెప్పాం. కోపగించి వెళ్ళిపోయాడు.’ పై ఆఫీసువాళ్ళు తనిఖీకి వస్తే మిగతా ఫైళ్ళు తర్వాత చూసేవారు, ముందు ఈ పుస్తకం చదివి నవ్వుకునేవారు.

ఇక బిళ్ళల సంగతి. గేటు గది బయట గోడకి ఒక చెక్క పలక. దాని మీద ఆరు వరసల్లో అరవై మేకులు, ఒక్కో మేకుకు నంబరు కొట్టిన ఒక్కో ఇత్తడి బిళ్ళ. కొండదారి పట్టేవాళ్ళు పుస్తకంలో పేరు రాసి, ఒక బిళ్ళ జేబులో వేసుకుని వెళ్ళాలి. దిగొచ్చాక దాన్ని మళ్ళీ అదే మేకుకు తగిలించాలి. గేటు మూసే వేళకు అన్ని మేకులూ నిండి ఉంటే, డ్యూటీలో ఉన్న రేంజరు ‘అందరూ తిరిగి వచ్చారు’ అని రాసి సంతకం పెడతారు. ఒక్క మేకు బోసిగా ఉందా, లాంతర్లు, తాళ్ళు, ఈలలు తీసుకుని బయల్దేరాల్సిందే. వానా లేదు, గీనా లేదు.

ఆయన చేరిన కొత్తలో ఒకసారి అన్నదమ్ములిద్దరు కొండెక్కారు. తమ్ముడు ముందు దిగొచ్చి, అన్న ఎలాగూ వెనకే వస్తున్నాడు కదా అని ఇద్దరి బిళ్ళలూ తగిలించేసి కారులో నిద్రపోయాడు. అన్నగారు దారి తప్పి, ఎలుగుబంటికి భయపడి చెట్టెక్కి కూర్చున్నాడు. ఏమీ కాలేదనుకోండి, దించుకొచ్చారు. కానీ ఆ మర్నాడే మాస్టారు ఎర్ర రంగు తెచ్చి పలక మీద తన చేత్తో రాశాడు: ‘ఎవరి బిళ్ళ వాళ్ళే తగిలించాలి.’ దారిలో ఎవరిదైనా బిళ్ళ దొరికితే దాన్ని మేకుకు పెట్టకూడదనీ, ఆ నంబరు ఎవరిదో పుస్తకంలో చూసి, ఆ మనిషిని కళ్ళారా చూసేదాకా మేకు ఖాళీగానే ఉంచాలనీ ఇంకో నియమం పెట్టాడు. కొత్తగా ఎవరు ఉద్యోగంలో చేరినా ముందు ఈ రెండూ వల్లె వేయించేవాడు.

అలా వల్లె వేసినవాళ్ళలో ఒకమ్మాయి ఉంది. మనిషి పిడికెడంత, మాట గంపెడంత. అందరూ పిచ్చుక అనేవారు. పిట్టల కూతలు వినగానే పేర్లు చెప్పేసేది. మాస్టారిని మొదటిరోజు నుంచే బాబాయ్ అని పిలిచింది. ఆయనకు పిల్లలు లేరు. ఆ పిలుపు ఆయనకు ఎంత తియ్యగా ఉండేదో పైకి చెప్పేవాడు కాదు గానీ, ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బాలో సగం ఆమెకే పెట్టేవాడు. నా తర్వాత ఈ గేటు నీదేనే అమ్మాయ్ అని ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు.

ప్రతి బుధవారం ఉదయం బస్సులో ఒకాయన వచ్చేవాడు. పట్నంలో గడియారాలు బాగుచేసే ఆయన. అరవై దాటాయి. వారమంతా భూతద్దం కంటికి పెట్టుకుని వంగి కూర్చునే మనిషికి ఆ ఒక్కరోజూ తల పైకెత్తే రోజు. చెట్ల బొమ్మలు గీసుకునేవాడు. బొమ్మలో కొమ్మ మీద పిట్టను గీసి, ఇదేమిటో చెప్పు అని పిచ్చుకను అడిగేవాడు. ఇది పిట్టండీ, తోకున్న బంగాళాదుంపా అని ఆమె వెక్కిరిస్తే పకపకా నవ్వేవాడు. వాళ్ళిద్దరి స్నేహం గేటు దగ్గరివాళ్ళందరికీ తెలుసు.

ఆ బుధవారం మధ్యాహ్నం నుంచే వాన పట్టుకుంది. కొండెక్కినవాళ్ళు ఒక్కొక్కరే తడుస్తూ దిగి వస్తున్నారు. నాలుగింటికి రోడ్డు పక్క కంచెలో జింక పిల్ల ఇరుక్కుందని ఎవరో చెప్పారు. మాస్టారు కత్తెర పట్టుకుని వెళ్ళాడు. తీగలు కత్తిరించి వదిలించేసరికి గంట పట్టింది. అది పోతూ పోతూ ఆయన తొడ మీద ఒక్క తన్ను తన్ని కృతజ్ఞత చెప్పుకుంది. కుంటుకుంటూ, నిలువెల్లా తడిసి, జింక జాతినంతా తిట్టుకుంటూ గేటు వైపు వస్తుంటే, కొండదారి మొదట్లో, గేటుకి ఇరవై అడుగుల దూరంలో, బురదలో ఇత్తడి మెరిసింది.

వంగి తీశాడు. పందొమ్మిది.

ఏం చెయ్యాలో ఆయనకు తెలియదా? ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? కానీ తొడ సలుపుతోంది, చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. ఇంత వానలో పైన ఎవరుంటారు, ఎవరో దిగి వచ్చిన తొందరలో జారవిడుచుకున్నారు, గుమ్మం ముందు పడితే ఇంట్లో పడ్డట్టే కదా అనుకున్నాడు. గది పక్కనున్న కుళాయి కింద బురద కడిగాడు. పలక దగ్గరికెళ్ళి మేకుకు తగిలించాడు. చిటికెలో అయిపోయింది. లోపల పిచ్చుక తేనెటీగలు కుట్టిన ఒకావిడకు మందు రాస్తోంది. ఆయన వెనక గదిలోకి వెళ్ళి తడిబట్టలు విప్పుకున్నాడు.

ఆరింటికి పిచ్చుక పలక చూసింది. అరవై మేకులూ నిండుగా ఉన్నాయి. ‘అందరూ తిరిగి వచ్చారు’ అని రాసి సంతకం పెట్టింది.

గడియారాలాయన జేబుకి చిల్లు ఉంది. పొద్దున ఎక్కేటప్పుడే బిళ్ళ జారిపోయింది, ఆయనకు తెలియదు. కారు లేని మనిషి, బస్సులో వచ్చేవాడు. కింద ఆగిపోయిన కారు చూసి, ఇదెవరిదని అడగడానికి కూడా లేదు. ఆ వేళకి ఆయన కొండ మీద ఒక రాళ్ళ వాగులో, కాలు విరిగి, అరిచి అరిచి గొంతు పోయి పడి ఉన్నాడు.

ఇంతవరకూ అయితే పొరపాటు అనుకోవచ్చు. పొరపాటు మనిషి చెయ్యక మాను చేస్తుందా? తర్వాత జరిగినదే అసలు సంగతి. ఏడింటికి, గది తాళం వేసేముందు ఫోను మోగింది. గడియారాలాయన భార్య. మాస్టారు వెనక గదిలో పొడి ప్యాంటు తొడుక్కుంటూ ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి ఉన్నాడు. పిచ్చుక గొంతు స్పష్టంగా వినబడింది.

“కంగారు పడకండమ్మా, దిగి వచ్చేశారు. ఆయన నంబరు పందొమ్మిది కదా, బిళ్ళ మేకుకే ఉంది, నా కళ్ళతో చూశాను. వానకి బస్సు ఆలస్యమై ఉంటుంది.”

పందొమ్మిది. ఆ ప్యాంటు రెండో కాలు తొడుక్కోకుండానే బయటికొచ్చి, ఆగు అమ్మాయ్, అది నేను పెట్టిన బిళ్ళ అంటే సరిపోయేది. అనలేదు. దిగే ఉంటాడు, గుమ్మం దాకా వచ్చినవాడు ఎక్కడికి పోతాడు, ఇప్పుడు చెబితే ఈ పిల్ల ముందు పరువు పోతుంది, నియమాలు పెట్టేవాడే నియమం తప్పాడంటుంది అనుకున్నాడు. ప్యాంటు తొడుక్కున్నాడు. బెల్టు బిగించుకున్నాడు. ఇద్దరూ తాళం వేసి ఇళ్ళకు వెళ్ళిపోయారు.

పొద్దున్నే ఆ ఇల్లాలు మళ్ళీ ఫోను చేసింది. ఈసారి మాస్టారే ఎత్తాడు. ఆవిడ మాట పూర్తి కాకముందే ఈల మెడలో వేసుకుని కొండదారి పట్టాడు. పదిమంది పది దారుల్లో వెతికితే ఆయనకే కనబడ్డాడు, మధ్యాహ్నం మూడింటికి. స్ట్రెచరు పట్టే దారి కాదు. జింక తన్నిన కాలితోనే ఆ మనిషిని వీపున వేసుకుని రెండు మైళ్ళు దించాడు. దారి పొడుగునా గడియారాలాయన ఆయన చెవి దగ్గర సన్నగా, నీ రుణం తీర్చుకోలేను నాయనా, నీ రుణం తీర్చుకోలేను అంటూనే ఉన్నాడు. మాస్టారు ఆ రోజు ఏడ్చాడు. చూసినవాళ్ళు ఎంత మంచి మనసు అనుకున్నారు.

ప్రాణం దక్కింది గానీ మోకాలి కింద కాలు తీసేశారు. పేపర్లో మాస్టారి ఫోటో పడింది. పై ఆఫీసు ప్రశంసాపత్రం ఇచ్చింది. ఆ పత్రం చేతికి వచ్చిన వారానికే విచారణ మొదలైంది: మనిషి కొండ మీద ఉండగా బిళ్ళ మేకుకు ఎలా వచ్చింది?

నాకు తెలియదండీ, నేను చూసేటప్పటికే ఉంది అని పిచ్చుక చెప్పింది. మళ్ళీ మళ్ళీ అడిగారు, మళ్ళీ మళ్ళీ అదే చెప్పింది. రెండోరోజు, కళ్ళజోడు పెట్టుకున్న ఒక అధికారి మాస్టారిని పిలిచి కుర్చీ చూపించి, మర్యాదగా అడిగాడు.

“మీ అనుభవంలో, వెళ్ళినవాళ్ళు కాకుండా వేరెవరైనా బిళ్ళ తగిలించడం ఉంటుందా?”

ఎదురుగా గోడవారన పిచ్చుక కూర్చుని ఉంది, మాస్టారి వైపే చూస్తోంది. మాస్టారు అధికారి వైపు చూసి అన్నాడు.

“ఎవరి బిళ్ళ వాళ్ళే తగిలించాలండీ. అది ఇక్కడి నియమం.”

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. పచ్చి అబద్ధం కూడా అంత పని చేసి ఉండేది కాదు. అధికారి రాసుకున్నాడు, థాంక్స్ అన్నాడు, అంతే. వానలో తొందరగా ఇంటికి పోవాలని ఆ అమ్మాయే ఎక్కడో పడి ఉన్న బిళ్ళను మేకుకు తగిలించేసిందని తేల్చారు. గేటు డ్యూటీ నుంచి తీసేసి, ఎక్కడో ఆఫీసులో కాగితాల పని ఇస్తామన్నారు. ఆమె రాజీనామా ఇచ్చింది. వెళ్ళే రోజున గేటు దగ్గరికొచ్చి అందరికీ వెళ్ళొస్తానని చెప్పింది. మాస్టారి దగ్గర ఒక నిమిషం నిలబడింది. ఆయన తేలు కుట్టిన దొంగలా బూట్ల తాడు కట్టుకుంటూ ఉండిపోయాడు.

రేపు చెబుదాం అనుకున్నాడు. నిజం. కాగితం మీద రాశాడు కూడా, చించేశాడు. ఆ నెలలో ఆయనకు హెడ్ రేంజరు పదవి వచ్చింది, ఇప్పుడు కాదులే అనుకున్నాడు. తర్వాత భార్యకు ఆపరేషన్ అయింది, ఆమె కోలుకున్నాక చూద్దాం అనుకున్నాడు. రేపు, రేపు అంటూ నాలుగేళ్ళు గడిపేశాడు. మనిషికి సాకులు కరువా? నోరు తగ్గిపోయింది. చెప్పులేసుకుని కొండెక్కేవాళ్ళను చూసినా ఊరుకునేవాడు. సంఘటనల పుస్తకంలో ‘విశేషాలు లేవు’ అని రాయడం మొదలుపెట్టాడు. వయసు మీద పడుతోందిలే అని కుర్రకారు అనుకున్నారు.

అన్నిటికంటే పెద్ద శిక్ష గడియారాలాయన ఇల్లు. ఆ దంపతులకు ఈయన ప్రాణదాత. ఆవిడ తమ్ముడూ అని వరస కలిపేసింది. నెలకోసారి రమ్మనేది. వెళ్ళకపోతే ఫోను చేసి దెబ్బలాడేది, వెళితే తినకుండా లేవనిచ్చేది కాదు. గడియారాలాయన చెక్క కాలు చాచుకుని, మా బావమరిది లేకపోతే నేనెక్కడ అని వచ్చినవాళ్ళకల్లా చెప్పేవాడు. ఆ పిల్ల మాట వస్తే మాత్రం ఆవిడ మొహం మాడిపోయేది.

“తన కళ్ళతో చూశానంది తమ్ముడూ. నమ్మి ఆ రాత్రి ఊరికే కూర్చున్నాను. ఆ గొంతు నా చెవుల్లోంచి పోదు.”

మాస్టారు తల దించుకుని కంచంలో చూసుకుంటూ తినేవాడు. ఒకసారి గడియారాలాయన మాత్రం, ఏమోనే, ఆ పిల్ల అలాంటిది కాదు, ఎక్కడో ఏదో తేడా ఉంది అన్నాడు. ఆవిడ కసిరితే ఊరుకున్నాడు. ఆ రోజు చెప్పేస్తానని మాస్టారు నోటిదాకా తెచ్చుకున్నాడు. ఇంతలో ఎవరో రిపేరుకి గడియారం పట్టుకొచ్చారు, మాట మళ్ళీ గొంతులోకి పోయింది.

ఈ ఏడాది మొదట్లో ఒక ఉదయం ఆవిడ ఫోను వచ్చింది. “తమ్ముడూ, మీ బావగారు పోయారు” అంది. నిద్రలోనే గుండె ఆగిందట.

కావాల్సినవన్నీ మాస్టారే దగ్గరుండి చూశాడు. సొంత తమ్ముడైనా అంత చెయ్యడని అందరూ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోళ్ళు వింటుంటే ఆయనకు అక్కడే భూమి చీలితే బాగుండుననిపించింది. చెప్పాల్సిన ముగ్గురిలో ఒకరికి ఇక ఎప్పటికీ చెప్పలేడు. ఆ సంగతి ఆయనకు ఆ రోజే ఎముకల్లోకి దిగింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమని తనను తానే తిట్టుకున్నాడు. మర్నాడు సెలవు పెట్టి పిచ్చుక ఇల్లు వెతుక్కుంటూ పట్నం వెళ్ళాడు.

ఆమె ఒక దర్జీ కొట్టు పైన గదిలో అద్దెకుంటోంది. బట్టల గోదాములో పని. వెళ్ళే మూటలు లెక్కచూసి సంతకం పెట్టాలి. గోదాముకి కిటికీ ఒక్కటీ లేదట. మూడుసార్లు లెక్కపెడితే గానీ సంతకం పెట్టదని అక్కడివాళ్ళు విసుక్కుంటారట. ఇవన్నీ కింద దర్జీ చెప్పాడు. తలుపు తీసి ఆయన్ని చూసి, రండి బాబాయ్ అంది, నిన్ననే కలిసినట్టు. ఒక్క కుర్చీ ఉంటే ఆయనకిచ్చి, తను మంచం మీద కూర్చుని ఆరిన బట్టలు మడత పెట్టడం మొదలుపెట్టింది.

మాస్టారు మంచినీళ్ళు తాగాడు. గ్లాసు కింద పెట్టాడు.

“ఆ బిళ్ళ తగిలించింది నేనే, అమ్మాయ్.”

ఆమె చేతులు ఆగలేదు. “తెలుసు బాబాయ్” అంది.

“మీరు కుళాయి దగ్గర ఏదో కడుగుతుంటే కిటికీలోంచి చూశాను. కాలికి దెబ్బ తగిలింది కదా, గుడ్డేమో అనుకున్నా. విచారణలో కూర్చున్నప్పుడు గానీ వెలగలేదు. అప్పటినుంచి రెండురోజులూ మీ మొహమే చూస్తూ కూర్చున్నా, ఇప్పుడు చెబుతారు, ఇప్పుడు చెబుతారు అని.”

“మరి నువ్వెందుకు చెప్పలేదే?”

“నేను చెబితే ఏమయ్యేది? తప్పించుకోడానికి పెద్దాయన మీదకి తోస్తోందనేవారు. పేపర్లో మీ ఫోటో, చేతిలో పత్రం. నన్నెవరు నమ్ముతారు?” అని చొక్కా మడత విప్పి మళ్ళీ మడిచింది. “అయినా అది మీరు చెప్పాల్సిన మాట. నేను చెబితే దానికి విలువేముంది?”

“తప్పయిపోయిందమ్మా.”

“అప్పుడే చెప్పుంటే ఏమయ్యేది బాబాయ్? ఒక నోటీసు ఇచ్చేవారు. నలుగురూ నాలుగురోజులు చెప్పుకునేవారు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చారు. ఉద్యోగం పోయిందని రెండు నెలలు ఏడ్చాను, తర్వాత ఆ ఏడుపు పోయింది. కానీ గడియారాలాయన నన్ను అబద్ధాలకోరు అనుకుంటూ పోయారు. దానికేం చేస్తారు మీరు?”

బట్టలు పక్కకి నెట్టేసి మొహం తిప్పుకుంది. మాస్టారు లేచి ఆమె తల మీద చెయ్యి వెయ్యబోయి, ఆ హక్కు తనకెక్కడిదనిపించి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“ఏం చెయ్యమంటావో చెప్పు” అన్నాడు.

“నన్నడుగుతారేంటి? ఆఫీసుకి రాస్తారో మానేస్తారో మీ ఇష్టం. ఆవిడ బతికే ఉందిగా. ఆవిడకి చెప్పండి.”

ఆ సాయంత్రం ఆయన ఇంట్లో కూర్చుని ఆఫీసుకు ఉత్తరం రాశాడు. కుళాయి సంగతి, ఫోను సంగతి, నియమం అని తను చెప్పిన మాట సంగతి, ఏదీ దాచలేదు. రాసి భార్యకిచ్చాడు. ఆవిడ నిలబడే చదివింది. రెండోసారి కూర్చుని చదివింది.

“నాలుగేళ్ళు ఇది కడుపులో పెట్టుకుని రోజూ నా ఎదురుగా కూర్చుని ఎలా తిన్నారండీ?” అంది. పొద్దున్నే ఉత్తరం తనే తీసుకెళ్ళి పోస్టు డబ్బాలో వేసి వచ్చింది, ఆయన మనసు మళ్ళీ మారుతుందేమోనని.

గడియారాలాయన ఇంటి ముందుగదిలో ఇంకా పని బల్ల అలాగే ఉంది. చిన్న చిన్న సొరుగుల మీద ఏ సైజు మరలు ఎందులో ఉన్నాయో ఆయన రాసిన చీటీలు. ఆవిడ, రండి తమ్ముడూ, ఎండన పడి వచ్చారు అంటూ కాఫీ పెట్టడానికి లేవబోయింది. వద్దు అక్కయ్యగారూ, ముందు కూర్చోండి అన్నాడు. ఆయన గొంతు విని ఆవిడ కూర్చుంది.

చెప్పాడు. బురదలో దొరకడం, కడగడం, తగిలించడం. ఆవిడ రెప్ప వెయ్యకుండా వింది. తర్వాత ఒక్క ప్రశ్న అడిగింది.

“సాయంత్రం నేను ఫోను చేసినప్పుడు మీరెక్కడున్నారు?”

“పక్క గదిలో.”

“ఆ అమ్మాయి నాతో చెబుతుంటే విన్నారా?”

పిచ్చుకకు కూడా చెప్పని మాట అది. “విన్నాను” అన్నాడు.

ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండునని మాస్టారు ఎంత కోరుకున్నాడో. వీధి వైపు కిటికీ చూస్తూ, ఆయనకు చెబుతున్నట్టు కాదు, తనలో తను చెప్పుకుంటున్నట్టు అంది.

“ఆ పిల్ల రెండుసార్లు వచ్చింది ఈ ఇంటికి. మొదటిసారి ఆయన ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడు. తలుపు తియ్యలేదు. రెండోసారి ఇప్పుడే, ఆయన పోవడానికి పదిరోజుల ముందు. ఒంట్లో బాగాలేదని ఎక్కడ విందో. తలుపు తియ్యవే, ఏం చెబుతుందో విందాం అన్నారాయన. నేనే తియ్యనివ్వలేదు. లేవబోతే చెక్క కాలు పట్టుకెళ్ళి లోపల దాచాను, లేవలేకుండా. ఆ పిల్ల వానలో అరగంట నిలబడి వెళ్ళిపోయింది. ఈ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను, బాగా అయిందనుకుంటూ. పోయిన ముందురోజు కూడా అడిగారు, ఆ పిల్ల ఎందుకొచ్చిందో కనుక్కోలేకపోయామే అని.”

మాస్టారు కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. తన తప్పు తనదే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. అది ఈవిడ చేత కూడా ఇలాంటి పని చేయించిందని ఆయనకు ఇప్పటిదాకా తట్టలేదు.

“అక్కయ్యగారూ...”

“ఆ అమ్మాయి ఇల్లెక్కడ?”

చెప్పాడు. ఆవిడ లేచి, చెదిరిన జుట్టు సరిచేసుకుని, చెప్పులు వేసుకుని, గుమ్మం దగ్గర నిలబడింది.

“దారి చూపించండి, రేంజరుగారూ. మీరు మాత్రం లోపలికి రావద్దు.”

నాలుగు వీధులు. ఆవిడ వెనక, ఆయన ముందు. దర్జీ కొట్టు పక్క మెట్లు చూపించి ఆయన ఆగిపోయాడు. ఆవిడ మోకాళ్ళ నొప్పితో ఒక్కో మెట్టూ పట్టుకుని ఎక్కింది. తలుపు కొట్టడం, ఎవరూ అని పిచ్చుక అడగడం, తలుపు తెరుచుకోవడం కింద నిలబడి విన్నాడు. తర్వాత తలుపు మూసుకుంది. పొద్దు వాలేదాకా ఆయన వీధిలోనే ఉన్నాడు. పైన ఏం మాట్లాడుకున్నారో ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయన అడగనూ లేదు.